లకుముకిపిట్ట, తేలియా రుమాలు, ఆవకాయ సీసా: డిజైనర్లకి ఐడియాలు ఎక్కడ దొరుకుతాయి

పోయిన ఎండాకాలం గుంటూరు దగ్గర్నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. ఇంట్లోనే పచ్చళ్ళు పెట్టి అమ్ముతారు, ఊళ్ళో అందరూ పిన్నిగారు అంటారట, నేనూ అలాగే పిలవడం మొదలుపెట్టా. సీసాలకి లేబుల్ కావాలన్నారు. మా డిజైన్ ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయికి ఆ పని ఇచ్చా, సాయంత్రానికల్లా బొమ్మలు వెతుక్కుని దాచుకునే పింటరెస్ట్ సైట్ అంతా గాలించి ఓ 60 లేబుల్స్ ఏరి బోర్డు చేసి తీసుకొచ్చింది. చాలా కష్టపడింది. కానీ అన్నిట్లోనూ అదే అరిటాకు, అవే ఎర్ర మిరపకాయలు, అదే మామిడికాయ, ముక్కుపుడక పెట్టుకున్న అదే బామ్మ. పేర్లు చెరిపేసి ఒక సీసా లేబుల్ ఇంకో సీసాకి అంటించినా ఎవరికీ తేడా తెలీదు. తనే అడిగింది, "అక్కా, అందరం ఇక్కడే వెతుక్కుంటే మరి కొత్తది ఎక్కడ్నుంచి వస్తుంది?" అని.

ఆ పూట సరిగ్గా చెప్పలేకపోయా. తర్వాత చాలా రోజులు ఆలోచించా, ఎందుకంటే ఈ ఫీల్డ్‌లోకి వచ్చే పిల్లలందరూ ఎప్పుడో ఒకప్పుడు అడిగేదే ఇది, వాళ్ళకి దొరికే జవాబులేమో "ప్రకృతిని చూడు, ఊళ్ళు తిరుగు, మ్యూజియంకి వెళ్ళు" టైపులో ఉంటాయి. తప్పని అనను. కానీ కొండలూ సముద్రాలూ చూసొచ్చిన వాళ్ళందరికీ ఐడియాలు రావట్లేదు కదా, మరి వచ్చినవాళ్ళకి ఏం జరిగింది?

ముందు ఒక చిక్కు విడదీయాలి. ఇన్‌స్పిరేషన్ అనే ఒక్క మాట పెట్టుకుని మనం మూడు వేరే వేరే సంగతులు కలిపేసి మాట్లాడుతుంటాం. మంచి పోస్టర్ చూసినప్పుడో పాట విన్నప్పుడో మనం కూడా ఏదో ఒకటి చెయ్యాలని చేతులు దురద పెడతాయి చూడండి, ఆ ఊపు ఒకటి. ఇలాంటి పని ఇంతకుముందు వేరేవాళ్ళు ఎలా చేశారో చూసుకోవడం, అంటే రిఫరెన్స్, అది రెండోది. చేతిలో ఉన్న చిక్కుముడి విప్పే దారి దొరకడం మూడోది, అసలు ఐడియా అంటే అదే. పింటరెస్ట్, డిజైనర్లు తాము చేసిన పనులు పెట్టే బిహాన్స్, ఇన్‌స్టాగ్రామ్ మొదటి రెండిటికీ బాగా పనికొస్తాయి, నేనూ రోజూ చూస్తా. మూడోదాని కోసం అక్కడికెళ్తేనే ఇబ్బంది, ఎందుకంటే అక్కడ కనిపించేవన్నీ ఎవరెవరివో ప్రశ్నలకి ఎవరెవరో వెతుక్కున్న జవాబులు, ఆ ప్రశ్న ఏంటో బొమ్మలో కనపడదు, పైగా ఒక అరిటాకు మీద నొక్కామంటే ఇంకో 50 అరిటాకులు చూపించడమే వాటి పని, అలా చూసీ చూసీ పచ్చడి లేబుల్ అంటే ఇలాగే ఉండాలేమో అని మన బుర్ర కూడా ఫిక్స్ అయిపోతుంది.

జపాన్ బుల్లెట్ రైలు కథ చాలామంది వినే ఉంటారు, లకుముకిపిట్ట ముక్కు చూసి రైలు ముక్కు చేశారని. ఇలా ఒక్క లైన్‌లో చెప్పేస్తే ఎవరో చెరువుగట్టున కూర్చుని పిట్టని చూసి ఆహా అనుకున్నట్టు ఉంటుంది. అసలు జరిగింది చూడండి. జేఆర్ వెస్ట్ అనే రైల్వే కంపెనీ ఒసాకా నుంచి హకాటా వెళ్ళే లైన్‌లో గంటకి 300 కిలోమీటర్ల స్పీడుతో రైలు నడపాలనుకుంది, ఆ దారిలో దాదాపు సగం సొరంగాలే. అంత స్పీడులో రైలు ఇరుకు సొరంగంలోకి దూరితే ముందున్న గాలికి పక్కకి తప్పుకునే చోటుండదు, పిచికారీలో నెట్టినట్టు నొక్కుకుపోతుంది, ఆ ఒత్తిడి అలలాగా ముందుకి పరిగెత్తి సొరంగం అవతలి చివర ఢాం అని పేలినట్టు బయటికొస్తుంది. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు గొడవ పెట్టారు. జపాన్‌లో రైళ్ళ చప్పుడు మీద రూల్స్ చాలా గట్టివి కూడా, అంటే ఇంజిన్‌కి సత్తా ఉన్నా చప్పుడు తగ్గకపోతే రైలు నడవదు.

ఆ పని చూస్తున్న ఇంజనీర్ ఐజి నకట్సుకి పక్షుల్ని చూడటం అంటే ప్రాణం. ఆయన బుర్రలో తిరుగుతున్న ప్రశ్న ఇది: అడ్డు తక్కువున్న చోటు నుంచి అడ్డు ఎక్కువున్న చోటుకి ఉన్నట్టుండి దూరాల్సిన జీవి ఏదైనా ఉందా? ఉంది. లకుముకిపిట్ట గాలిలోంచి నీళ్ళలోకి బాణంలా దూకుతుంది, నీళ్ళు పెద్దగా చిందవు కూడా, చిందితే చేప పారిపోతుంది మరి. అక్కడితో అయిపోలేదు, రకరకాల ఆకారాల్లో చిన్న చిన్న నమూనాలు చేసి గొట్టంలోకి పేల్చి ఒత్తిడి ఎంత పుడుతోందో కొలిచారు, అన్నిట్లోకీ బాగా పనిచేసిన ఆకారం ఆ పిట్ట ముక్కుకి దగ్గరగా ఉంది. పైనున్న కరెంటు తీగని తాకే పాంటోగ్రాఫ్ చప్పుడుకి కూడా ఆయన పక్షుల దగ్గరికే వెళ్ళాడు, రాత్రిపూట గుడ్లగూబ చడీచప్పుడు లేకుండా ఎగరడానికి కారణం దాని ఈకల అంచున ఉండే రంపంపళ్ళలాంటి కుచ్చులు, అలాంటివే అక్కడ పెట్టారు. 500 సిరీస్ రైలు 1997లో పట్టాలెక్కింది, దాని ముక్కు ఒక్కటే 15 మీటర్ల పొడవు.

ఇక్కడ నేను పట్టుకున్నది ఏంటంటే వరస. ముందు ప్రశ్న, తర్వాత పిట్ట. ఆ పిట్టని మన చెరువుల దగ్గర ఎంతమంది చూడలేదు? బుర్రలో సొరంగం ఉన్నవాడికే ఆ ముక్కులో రైలు కనపడింది.

వెల్‌క్రో సంగతీ అంతే. 1941లో జార్జ్ డి మెస్ట్రాల్ అనే స్విట్జర్లాండ్ ఇంజనీర్ కుక్కని తీసుకుని వేటకెళ్ళొచ్చాక బట్టలకీ కుక్క బొచ్చుకీ అంటుకున్న ముళ్ళకాయల్ని పీకుతూ, ఇవి ఇంత గట్టిగా ఎలా పట్టుకుంటున్నాయా అని మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే ముళ్ళ చివర్లు కొక్కేల్లా వంగి ఉన్నాయి. మన పొలం గట్ల మీద నడిస్తే ఉత్తరేణి గింజలు పంచెకీ చీరకుచ్చిళ్ళకీ ఎలా అంటుకుంటాయో అందరికీ తెలుసు, తిట్టుకుంటూ దులుపుకుంటాం. ఆయనా దులుపుకున్నాడు, కానీ ఒకటి దాచిపెట్టుకున్నాడు. ఆ కొక్కేల్ని నైలాన్‌తో తయారుచేసే పద్ధతి దొరికి పేటెంట్ వచ్చేసరికి 1955 అయింది. అంటే మనం కథలో చెప్పుకునే ఆ ఒక్క క్షణానికీ చేతిలోకి వచ్చిన వస్తువుకీ మధ్య 14 ఏళ్ళు ఉన్నాయి, అవి ఎవరూ చెప్పరు.

ఇంకో సంగతి, పక్క వృత్తి నుంచి ఎత్తుకురావడం. నా లెక్కలో ప్రకృతి కంటే దీన్నుంచే ఎక్కువ ఐడియాలు వచ్చాయి. మార్సెల్ బ్రోయర్ అనే ఫర్నిచర్ డిజైనర్ 1925లో జర్మనీలో బౌహౌస్ అనే డిజైన్ బడిలో ఉన్నప్పుడు తను తొక్కే సైకిల్ హ్యాండిల్ చూసి, ఇనప గొట్టాన్ని ఇంత తేలిగ్గా వంచుతున్నప్పుడు కుర్చీ ఎందుకు చెయ్యకూడదు అనుకున్నాడు, ఇవాళ ఆఫీసుల్లో కనపడే స్టీల్ పైపు కుర్చీలన్నిటికీ మూలం అదే. లండన్ అండర్‌గ్రౌండ్ సిగ్నల్స్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసిన హ్యారీ బెక్ 1931లో రైలు మ్యాప్‌ని కరెంటు సర్క్యూట్ గీసినట్టు నిలువు, అడ్డం, ఏటవాలు గీతలతో గీశాడు, స్టేషన్ల మధ్య నిజమైన దూరాలు వదిలేశాడు. మొదట వద్దన్నారు. 1933లో జేబు మ్యాప్‌గా వేస్తే జనం ఎగబడి తీసుకున్నారు, ఎందుకంటే భూమి లోపల వెళ్ళేవాడికి పైన నది ఎటు తిరిగిందో అక్కర్లేదు, ఎక్కడ దిగాలి ఎక్కడ మారాలి అన్నదే కావాలి. హైదరాబాద్ మెట్రో స్టేషన్లలో మనం చూసే మ్యాప్ కూడా ఆ దారిలోదే.

సుసాన్ కేర్ సంగతి నాకు మరీ ఇష్టం. 1984లో యాపిల్ కంపెనీ తెచ్చిన మొదటి మ్యాకింటోష్ కంప్యూటర్‌కి ఐకాన్లు గీసింది ఆవిడే. అప్పటికి ఆవిడకి కంప్యూటర్ గ్రాఫిక్స్ అనుభవం లేదు, గళ్ళ నోట్‌బుక్ కొనుక్కుని ఒక్కో గడి నింపుతూ గీసింది, నిలువు 32 అడ్డం 32, మొత్తం 1024 గళ్ళు, అందులో నలుపో తెలుపో తప్ప ఇంకో రంగు లేదు. మొజాయిక్, గుడ్డ మీద సూదిపని అలవాటు ఉండటం వల్ల గళ్ళలో బొమ్మ ఎలా పలుకుతుందో ఆవిడ చేతికి ముందే తెలుసు. కమాండ్ కీ మీద నాలుగు చెవుల గుర్తు ఉంటుంది చూడండి, అక్కడ ముందు యాపిల్ బొమ్మే ఉండేది, స్క్రీన్ మీద ఎక్కడ చూసినా యాపిల్సే అయిపోయాయని స్టీవ్ జాబ్స్ వద్దంటే గుర్తుల పుస్తకం ఒకటి తిరగేసి, స్వీడన్‌లో చూడదగ్గ చోటుకి పెట్టే గుర్తుని తీసుకుంది.

ఇది చదివినప్పుడల్లా నాకు మా ఇంటి ముందు ముగ్గు గుర్తొస్తుంది. "15 చుక్కలు, 8 వచ్చేదాకా సందు చుక్క" అని చెప్తే చాలు, కాగితం లేకుండా, కొలబద్ద లేకుండా, వంగిన నడుం ఎత్తకుండా మా అమ్మ ఆ లెక్కంతా నేల మీద పెట్టేసి నెమళ్ళో తామరపూలో తీసేది, ఒక్క చుక్క తప్పినా ఎక్కడ తప్పిందో దూరం నుంచి కనిపెట్టేది. డిజైన్ కాలేజీలో గ్రిడ్ సిస్టమ్ అని, అంటే పేజీని గళ్ళుగా విడగొట్టి బొమ్మలూ అక్షరాలూ అమర్చే పద్ధతి, ఒక సెమిస్టర్ చెప్తారు. ముగ్గు వేసిన చేతికి అది కొత్త కాదు, దానికి ఇంగ్లీషు పేరు కొత్త అంతే, కానీ ఆ అమ్మాయిలు క్లాసులో "మాకేమీ రాదు" అని కూర్చుంటారు, అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

మన దగ్గర నేతవాళ్ళు ఏం చేశారో చూడండి. తేలియా రుమాలు అని ఉంది, చీరాలలో మొదలై ఇప్పుడు పుట్టపాకలో నేస్తున్నారు, నూలుని నూనెలోనూ ఆముదం కాయల బూడిద నీళ్ళలోనూ రోజుల తరబడి నానబెట్టి, దారాలకి ముందే ముడులు కట్టి ఎరుపూ నలుపూ అద్ది తర్వాత మగ్గం మీదకి ఎక్కిస్తారు. తలపాగాకి కట్టుకునేవాళ్ళు, అరబ్ దేశాలకి ఓడల్లో వెళ్ళేది. మొదట్లో దాని మీద గళ్ళూ చదరాలూ ఉండేవి. 1930ల నాటికొచ్చేసరికి కొన్ని రుమాళ్ళలో సింహాలు, ఏనుగులతోపాటు గడియారాలు, విమానాలు కనపడతాయి. విమానాలు! అప్పట్లో అదో వింత, ఆ నేసేవాళ్ళకి అది ఎలా తగిలిందో గానీ, పుస్తకంలో బొమ్మగా చూసినా ఆకాశంలో చూసినా దాన్ని దారం మీద ముడులుగా విడగొట్టి, నిలువు దారాల లెక్క వేరే అడ్డం దారాల లెక్క వేరే వేసుకుని, నేసేటప్పుడు రెండూ ఒక్కచోట కలిసేలా చెయ్యడం అంటే మాటలు కాదు. సంప్రదాయం అనగానే వందల ఏళ్ళు ఒకే బొమ్మ గీస్తూ కూర్చున్నారనుకుంటాం, ఆ విమానం చూస్తే ఆ మాట అనబుద్ధి కాదు. పద్ధతి తాతలది, చూపు మాత్రం ఆ పూట వీధిలో ఏం జరుగుతోందో దాని మీదే.

మచిలీపట్నం కలంకారీ అయితే ఇంకా పెద్ద కథ. కరక్కాయ, పాలల్లో గుడ్డని నానబెట్టడం, పాత ఇనుమూ బెల్లమూ పులియబెట్టిన కసిమితో నలుపు, పటిక పెట్టి చిరివేరుతో ఎరుపు, ఇవన్నీ ఇక్కడివే. కానీ మీద పూలూ తీగలూ గోల్కొండ సుల్తానుల కాలంలో పర్షియా నుంచి వచ్చిన రుచి, ఆ తర్వాత 17వ శతాబ్దంలో డచ్చివాళ్ళూ ఇంగ్లీషువాళ్ళూ రేవులో గిడ్డంగులు పెట్టి మా దేశంలో ఇలాంటివి అడుగుతున్నారని నమూనాలు పంపేవాళ్ళు. ఎప్పుడూ చూడని పూలని ఇక్కడివాళ్ళు తమకి తెలిసిన ఆకుల పక్కన పెట్టి గీశారు, ఆ కలిసిన రూపమే యూరప్‌లో చింట్జ్ పేరుతో పిచ్చెక్కించింది. ఎంతగా అంటే తమ పట్టు, ఉన్ని నేతవాళ్ళు గోల పెట్టడంతో ఫ్రాన్స్ 1686 నుంచి 1759 దాకా ఆ గుడ్డల్ని నిషేధించింది, ఇంగ్లండ్ కూడా అదే దారి పట్టింది. కాబట్టి కలంకారీ ఎవరి ఇన్‌స్పిరేషన్ అని అడిగితే ఒక్క ఊరి పేరు చెప్పలేం.

ఇక్కడే కష్టమైన ముక్క ఒకటుంది, దాటెయ్యలేను. తీసుకోవడానికీ కాజెయ్యడానికీ గీత ఎక్కడ? గాస్టన్ లారెంట్ కోర్దూ అని ఒక ఫ్రెంచి పాదిరీ ఉండేవాడు, తెలుగు బాగా నేర్చుకుని తెలుగు, ఫ్రెంచి, సంస్కృతం కలిపి నిఘంటువు కూడా తయారుచేశాడు. ఆయనే 1742లో తను క్రైస్తవంలో కలిపిన అద్దకం పనివాళ్ళని అడిగి ఈ రంగుల పద్ధతంతా వరసగా ఉత్తరం రాసి పంపాడు, అది అచ్చయింది. నిషేధం ఎత్తేశాక 1760లో ఓబర్‌కాంఫ్ అనే ఆయన ఫ్రాన్స్‌లో జూయి అనే ఊళ్ళో అచ్చు గుడ్డల ఫ్యాక్టరీ పెట్టి పెద్ద పేరు తెచ్చుకున్నాడు. ఒక్క ఉత్తరంతోనే ఇదంతా జరిగిపోయిందని చెప్పను, ఇంకా చాలామంది ఇలాంటి వివరాలు సేకరించారు. కానీ ఆ జ్ఞానం చెప్పిన చేతుల పేర్లు ఎక్కడా లేవు, ఆ ఉత్తరం గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు గొంతు పట్టేసింది.

ఇవాళ పోచంపల్లికి కూడా అదే జరుగుతోంది. ఇక్కత్‌లో దారానికి ముందు రంగు అద్ది తర్వాత నేస్తారు కాబట్టి బొమ్మ అంచులు కొంచెం అలుక్కున్నట్టు, ఈకల్లా ఉంటాయి, అది ఆ పని గుర్తు. ఆ అలుకుని కూడా కంప్యూటర్‌లో గీసి మిల్లు గుడ్డ మీద ప్రింట్ కొట్టి పోచంపల్లి డిజైన్ అని అమ్ముతున్నారు. తిరగేసి చూడండి, నేసిన ఇక్కత్ రెండువైపులా ఒకేలా ఉంటుంది, ప్రింట్ అయితే వెనక వెలిసిపోయి ఉంటుంది. పోచంపల్లికి జీఐ గుర్తింపు, అంటే ఈ సరుకు ఈ ఊరిదే అని చట్టం ఇచ్చే గుర్తింపు ఉంది, అయినా బజార్లో ఆగట్లేదు. ఇలాంటి ఆర్డర్ వస్తే నేను చెయ్యను. నా కొలమానం ఇది: నేను తీసుకుంటున్నది ఆ వస్తువు పనిచేసే తీరునా, దాని పైతొక్కనా, నేను తీసుకోవడం వల్ల ఇప్పుడు దాని మీద బతుకుతున్నవాళ్ళ కూడు పోతుందా. నకట్సు పిట్ట దగ్గర తీసుకున్నదానికి పిట్టకి పోయేదేం లేదు. ఇక్కత్ ప్రింట్‌కి మాత్రం ఒక మగ్గం ఆగిపోతుంది. పుట్టపాకకి వెళ్ళి నేతవాళ్ళ పక్కన కూర్చుని, వాళ్ళ పేరు పెట్టి, వాళ్ళకి డబ్బులిచ్చి కొత్త బొమ్మ నేయించుకుంటే అది ఇంకో రకం పని, ఆ విమానం నేసినవాళ్ళు చేసింది దాదాపు అలాంటిదే.

మరి కొత్తగా వచ్చినవాళ్ళు ఎలా వెతకాలి? నాకు తెలిసి దీని గురించి అందరికంటే బాగా రాసింది చార్లెస్, రే ఈమ్స్ అనే అమెరికన్ డిజైనర్లు, భార్యాభర్తలు. భారత ప్రభుత్వం పిలిస్తే వచ్చి దేశమంతా తిరిగి 1958లో ఒక రిపోర్ట్ ఇచ్చారు, దాని ఆధారంగానే 1961లో అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ వచ్చింది. ఇక్కడ వాళ్ళకి అన్నిటికంటే గొప్పగా, అందంగా అనిపించింది లోటా, అంటే మన చెంబు. గుడి గోపురాలు కాదు, చెంబు! చూసి మురిసిపోయి వదిలెయ్యలేదు, ఒకవేళ దీన్ని కొత్తగా చెయ్యాల్సొస్తే ఏమేం ఆలోచించాలి అని వరసగా ప్రశ్నలు వేసుకుంటూ పోయారు: ఎన్ని నీళ్ళు పట్టాలి, మోసే చెయ్యి ఎంతది, తల మీద మోస్తారా నడుం మీదా, నిండుగా ఉన్నప్పుడు బరువు ఎటు తూగుతుంది ఖాళీగా ఉంటే ఎటు, మూతి ఎంతుంటే ధార సరిగ్గా పడుతుంది, లోపల చెయ్యి పెట్టి తోమడానికి వీలుందా, చేతికి ఎలా తగులుతుంది, దేనికైనా కొట్టుకుంటే ఏం చప్పుడొస్తుంది, ఖరీదెంత, పాడైతే లోహం మళ్ళీ అమ్ముకోవచ్చా. ఏ ఒక్క మనిషీ దీన్ని డిజైన్ చేసి ఉండడు, తరాలు తరాలుగా ఎంతోమంది కొంచెం కొంచెం దిద్దుతూ వచ్చిందే అని రాశారు. నాకైతే ఆ ఒక్క పేజీ 60 బొమ్మల బోర్డు కంటే ఎక్కువ పనికొచ్చింది.

ఆ పేజీ మా ఆఫీసులో కొత్తగా చేరిన ఆ అమ్మాయి చేత చదివించి, ఇద్దరం బస్సెక్కి పిన్నిగారి ఇంటికెళ్ళాం. లేబుల్ మాట ఎత్తలేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చున్నాం, ముక్కలు కొట్టడం, తడి లేకుండా తుడవడం, మూడో రోజుకొచ్చిన ఆవకాయని తిరగ కలపడం, జాడీ మూతికి తెల్ల గుడ్డతో వాసెన కట్టడం అన్నీ చూశాం. మధ్యలో ఫోన్లు వస్తూనే ఉన్నాయి. హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి, డల్లాస్‌లో ఉన్న కూతురికి పంపాలని ఒకావిడ. మా అమ్మాయి పక్కన కూర్చుని వింటూ ఉంది, కాసేపయ్యాక నా వైపు తిరిగి మెల్లిగా అంది, "అక్కా, అందరూ ఒకటే అడుగుతున్నారు, ఎప్పుడు పెట్టింది అని". పిన్నిగారు ఫోన్ పెట్టేసి జాడీకేసి చూపించారు, వాసెన కట్టిన దారానికి చిన్న అట్టముక్క వేలాడుతోంది, దాని మీద పెన్సిల్‌తో తారీఖు, కాయ ఏ తోటదో ఆ ఊరి పేరు. "నాకు గుర్తుండాలిగా అమ్మా, అందుకని ప్రతి జాడీకీ కట్టుకుంటా" అన్నారు.

లేబుల్ అదే అయింది. తెల్ల గుడ్డలాంటి మందపాటి కాగితం, సీసా మెడకి దారంతో కట్టేది, పైన చిన్నగా పేరు, మిగతా చోటంతా ఖాళీ. ఆ ఖాళీలో పెట్టిన తారీఖూ, కాయ ఊరూ పిన్నిగారే తన చేత్తో రాస్తారు, వందల సీసాలకి రాయడం కష్టం కదా ప్రింట్ చేయిద్దామా అని అడిగా గానీ ఒప్పుకోలేదు. మామిడికాయ బొమ్మ ఎక్కడా లేదు. ఈ ఏడాది కొత్తావకాయ సీసా ఒకటి మాకు కూడా పంపారు, మా అమ్మాయి అందులో పచ్చడి అయిపోయినా ఆ చీటీ విప్పకుండా తన టేబుల్ మీద పెట్టుకుంది.